నోట్‌బుక్ సంగతి కూడా రాయి

తమ్మీ,

ఒకనాటి పొద్దున నేను దీపం పెట్టి వచ్చేసరికి, నువ్వు నస్పూర్‌లో మన ఇంటి మెట్ల మీద కూర్చొని, చాయ్ చల్లారుతున్నా ఫోనే చూస్తున్నావు. నువ్వు బడిలో పాఠం చెప్పే పిల్లల కోసం పెట్టిన బ్లాగులో, వాళ్లు ఒకరి రాతల కింద ఒకరు రాసిన మాటలు చదువుతున్నావు.

"బాగుంది అని ఊకుంటే కాదక్కా. ఏడ బాగలేదో సుత చెప్పాలె, మనసు నొవ్వకుండ" అన్నావు.

పిల్లలకు అంత ఎలా వస్తుంది అనుకున్నాను.

ఆ బ్లాగును ఇప్పుడు పిల్లలే నడుపుతున్నారు. ఎల్లుండి నీ సంవత్సరీకం. అందరి ముందు చదవడానికి నీ బిడ్డ మానస నీ గురించి రాసి, నిన్న అందులో పెట్టింది. "మా బాపుకు ఏనాడూ కోపం రాలేదు" అని రాసింది.

దాని కింద తోటి పిల్ల రజిత రాసింది: "సారు నవ్వు గురించి చదివితే సారే కనిపించిండు. కానీ కోపం రాలేదన్నది నిజం కాదు. ఒకసారి నా నోట్‌బుక్ కిటికీలకెళ్లి బయటికి ఇసిరేసిండు. తెల్లారి అందరి ముందట 'తప్పయింది బిడ్డా' అన్నడు. గది సుత రాయి."

మనల్ని కన్న అవ్వ మండిపడింది. "పోయినోని మీద గిట్ల రాస్తరా? తీసెయ్యి!"

మానస ఏడ్చింది, కానీ తీసెయ్యలేదు. "నిజమే గద నానమ్మా" అన్నది.

నేను ఆ మాటలు మళ్లీ చదివి చేతులు జోడించాను. మేమంతా నీ తప్పులు దాస్తుంటే, పద్నాలుగేళ్ల పిల్ల నిన్ను ఉన్నదున్నట్టు తెచ్చి ఇచ్చింది.

ఈ సాయంత్రం అందరం కూర్చున్నాం. మానస నోట్‌బుక్ సంగతి కూడా చేర్చి, మార్చి రాసినది వినిపించింది. 'తప్పయింది బిడ్డా' అన్న చోటు అవ్వ మళ్లీ చదివించుకుంది. తర్వాత తనే తేల్చింది. ఎల్లుండి మానస చదవాలి, నోట్‌బుక్ సంగతి దగ్గరికి వచ్చాక ఆ భాగం రజిత లేచి చదవాలి.