కింది వరస తొట్టి

ఏమండీ,

మీ ఓడ ఇప్పుడు ఏ రేవులో ఉందో తెలియదుగానీ, ఈ ఉత్తరం చేతికందేసరికి మీరు కులాసాగా ఉండాలి. ఇక్కడ అత్తయ్య క్షేమం, నేను క్షేమం.

మీరు అడిగినవన్నీ వరసగా చెబుతాను. చేపల కొట్టుకి గది ఖాయమైంది. మందుల షాపు పక్కది, వెనకాల కుళాయి ఉన్నదే. అద్దె తగ్గించమంటే ఓనరు, "చేపలకి గాలీ వెలుతురూ ఊరికేగా ఇస్తున్నానమ్మా" అన్నాడు. ఆ వేళాకోళానికి ఒళ్ళు మండింది. అయినా నవ్వేశాను, అడ్వాన్సు కాస్త తగ్గింది.

మీరు వేసిన బడ్జెట్ చదివి వినిపిస్తే అత్తయ్య నవ్వారు. ఈమధ్య మన ఇంట్లో అదే మొదటి నవ్వు. ఇంజన్ గదిలో కూర్చుని రాసినట్టే ఉంది, అంతా పంపులూ మోటార్లే! బోర్డు లేదు, కుర్చీ లేదు. చేపని కొన్నవాడు దోసిట్లో పట్టుకుపోతాడా? సంచుల మాటే మరిచిపోయారు. అవన్నీ కలిపాను. సముద్రపు చేపల తొట్టి మాత్రం కొట్టేశాను, ఉప్పునీళ్ళ ఖర్చు మనం మోయలేం. అత్తయ్యకి ఇంకా నమ్మకం కుదరలేదు. "వండుకోడానికి కాకుండా చూడ్డానికి చేపలు కొనే వెర్రివాళ్ళు ఉంటారటే?" అంటారు. "మీ అబ్బాయే మొదటివాడు" అన్నాను.

చేపలెప్పుడు తెస్తావని అడిగారు మీరు. తొట్లలో నీళ్ళు పోసి, ఫిల్టర్లు ఆడిస్తూ కొన్ని వారాలు ఖాళీగా ఉంచాలట. మరీ కొత్త నీళ్ళలో చేపలు బతకవట. చేపలు సరఫరా చేసే ఆయన వచ్చి మన లెక్కలు చూశాడు. "అంతా బానే ఉంది గానీ, చచ్చేవాటి పద్దేదమ్మా? ఎంత జాగ్రత్తగా తెచ్చినా దారిలో కొన్ని పోతాయి. అందులో మన తప్పేం ఉండదు. ముందే లెక్కలో వేసుకుంటే తర్వాత బాధుండదు" అన్నాడు. పాపం, మంచికే చెప్పాడు. నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను. అత్తయ్యే ఆయనకి టీ ఇచ్చి పంపారు.

వెల్డింగ్ ఆయనతోనూ గొడవైంది. స్టాండు కోసం మీరు గీసి పంపిన బొమ్మలో నేలకి జానెడు ఎత్తున చిన్న తొట్టి ఉంది కదా. "ఇంత కిందుంటే ఎవరు వంగి చూస్తారమ్మా? తీసేద్దాం, ఇనుము కలిసొస్తుంది" అన్నాడు. "చెప్పింది చెయ్యండి, మీకెందుకు?" అని కసిరాను. పెద్దాయన, నొచ్చుకున్నాడు. పాకే పిల్ల మొహానికి సరిగ్గా ఆ ఎత్తు సరిపోతుందని ఆయనకేం తెలుసు.

మీ చివరి ప్రశ్న మిగిలింది. "చేపపిల్ల తంతోందా?" అని అడిగారు.

పైన క్షేమం అని ఇద్దరి గురించే రాశాను, మీరు గమనించే ఉంటారు. ఇదివరకు ముగ్గురం అని రాసేదాన్ని. మన చేపపిల్ల లేదండీ. పోయిన నెల, ఆసుపత్రిలో, అయిదో నెల నిండకుండానే పోయింది. ఆడపిల్ల. "నీ తప్పేం లేదమ్మా, ఒక్కోసారి ఇలా అవుతుంది" అంది డాక్టరమ్మ. అత్తయ్య నా చెయ్యి వదల్లేదు. "వాడికి ఇప్పుడే రాయకే, ఓడలో ఒక్కడే కూర్చుని ఏడుస్తాడు" అన్నారు. అందుకే జవాబు ఆలస్యమైంది. కానీ మీరు పేర్లు వెతుకుతున్నానని రాశాక ఇంక దాచడం నావల్ల కాలేదు. నాకు చాలా బాధగా ఉందండీ. పక్కన లేరని మీ మీద కోపంగానూ ఉంది.

స్టాండు వచ్చింది. కింది తొట్టిలో కూడా నీళ్ళు పోశాను. మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు నేల మీద పడుకుని చూస్తుంటాను. ఉత్త నీళ్ళే. ఉంచమంటారో తీసేయమంటారో మీరే చెప్పండి, నా నోటితో నేను చెప్పలేను.

ఉత్తరం కింద ఏమని సంతకం పెట్టాలో తోచక చాలాసేపు కూర్చున్నాను. వేరే మాటేదీ రాలేదు.

ఇట్లు,
చేపపిల్ల వాళ్ళమ్మ