మొదటి సెల్యూట్

కాన్సస్
ఫిబ్రవరి 12, 2007

ప్రియమైన నాన్నకి,

నాలుగు రోజులుగా నీ ఫోన్ లేదు. మీ దళంలో ఎవరో పోయారని, ఆ ఇంటివాళ్ళకి కబురు చేరేదాకా మీ అందరి ఫోన్లూ కట్టేశారని మన వీధిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అమ్మ కిటికీ దగ్గర్నుంచి లేవట్లేదు. చావు కబురు మోసుకుని ఇస్త్రీ యూనిఫాంలో ఇద్దరు దిగే ఆ కారు వస్తుందేమోనని చూస్తోంది. పక్కింటి జోలీన్ పంచదార కోసం వస్తూ, "డారీన్, నేనే, జోలీన్‌ని!" అని గేటు దగ్గర్నుంచే అరిచింది. ఇప్పుడిక్కడ ఎవరూ ఎవరి తలుపూ తట్టడం లేదు. నిన్న సాయంత్రం కారు వచ్చింది. మన ఇల్లు దాటి పోయింది. అమ్మ నవ్వింది. నవ్వినందుకు తర్వాత చాలాసేపు ఏడ్చింది.

సరే, ఇక నా గొడవ. మార్చి పదహారుకల్లా స్కూల్లో కాగితం ఇచ్చెయ్యాలి. హైస్కూల్లో వచ్చే రెండేళ్ళకీ ఐబీ కోర్సా, ఏపీ కోర్సా? ఐబీ అంటే ఆరు సబ్జెక్టులూ ఒకే మూటగా మొయ్యాలి. దాని మీద నాలుగు వేల మాటల వ్యాసం, సేవా పనులు. పరుగు జట్టుకి టైం మిగలదు. ఏపీ అయితే చేతనైన సబ్జెక్టులే కఠినంగా తీసుకుని, మిగతావి మామూలుగా చదువుకోవచ్చు, పరుగెత్తచ్చు కూడా. రేపు నన్ను చేర్చుకోవడానికి మిలిటరీ అకాడమీ వాళ్ళు దేన్ని మెచ్చుకుంటారు? మా కౌన్సెలర్ మిసెస్ ప్రూయిట్ అయితే, "కళ్ళు మూసుకుని కష్టమైందే తీసుకో" అంటోంది. మీ లెఫ్టినెంట్ ఆ అకాడమీలోనే చదివాడన్నావుగా, అడిగి చెప్పు. ఫోన్‌లో అడుగుదామంటే నీకు దొరికేది పది నిమిషాలు, అందులో తొమ్మిది అమ్మ ఏడుపుకే సరి.

పదహారులోపు నీ ఉత్తరం అందాలి నాన్నా.

నీ మార్లీస్


బాగ్దాద్‌కి దక్షిణాన
ఫిబ్రవరి 24, 2007

బంగారుతల్లి మార్లీకి,

పోయింది పక్క ప్లటూన్ కుర్రాడు. అంతకన్నా రాయలేను.

నీ ఉత్తరం లెఫ్టినెంట్ కోలియర్‌కి చూపించాను. ఇరవై నాలుగేళ్ళవాడు, గడ్డం సరిగ్గా రాలేదు, అయినా నేను 'సార్' అనాలి. రెండుసార్లు చదివి ఏమన్నాడో తెలుసా? "సార్జెంట్, ఏపీ తీసుకోమనండి. అకాడమీ వాళ్ళు ముందు చూసేది తరగతిలో ఎన్నో స్థానం అని. ఐబీలో చేరితే తెలివైనవాళ్ళందరి మధ్యా నలిగిపోయి వెనకబడుతుంది. పైగా వాళ్ళకి పరుగెత్తే పిల్ల కావాలి, జట్టుకి కెప్టెన్ కావాలి. నిద్రలేని పిల్ల కాదు." నాకు చదువు సంగతి తెలియదు, వాడికి తెలుసు. ఏపీ మీద టిక్కు పెట్టు.

కొత్త ఆఫీసరు తనకి మొదటి సెల్యూట్ కొట్టిన సిపాయి చేతిలో ఒక వెండి డాలర్ పెట్టడం మా ఆచారం. పంతొమ్మిదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ పిల్లలందరికీ సెల్యూట్ కొడుతున్నాను. ఒక్కసారి నా పిల్లకి కొట్టాలని ఉంది. నువ్వు ఆఫీసరైన రోజు వరసలో నా ముందు ఎవడైనా నిలబడితే వాడి కాళ్ళు విరగ్గొడతాను.

క్యాబేజీ బన్నులు పంపొద్దని మీ అమ్మకి చెప్పు. వచ్చేసరికి వాటికీ గడ్డాలు మొలుస్తున్నాయి.

ప్రేమతో,
మీ నాన్న


కాన్సస్
మార్చి 20, 2007

ప్రియమైన నాన్నకి,

నీ ఉత్తరం నిన్ననే అందింది. మూడు రోజులు ఆలస్యం. పదహారో తారీఖునే ఐబీ అని రాసి ఇచ్చేశాను. నువ్వైతే బరువైన సంచీయే ఎత్తుకుంటావు కదా అనుకుని రాశాను. ఇప్పుడు మార్చడానికి లేదట. లెఫ్టినెంట్ గారికి థాంక్స్ చెప్పు, నన్ను తిట్టుకోవద్దని కూడా చెప్పు.

మీకింకా మూడు నెలలు పొడిగిస్తారని టీవీలో అంటున్నారు. అబద్ధమేగా?

నీ మార్లీస్


బాగ్దాద్‌కి దక్షిణాన
ఏప్రిల్ 22, 2007

బంగారుతల్లీ,

పొడిగించారు. వచ్చే ఏడాది మే నెలాఖరుకి వస్తాను.

ఎత్తుకున్నావుగా, ఇక దించకు. లెఫ్టినెంట్ నవ్వి, "కూతురు సార్జెంట్ పోలికే, చెప్పిన మాట వినదు" అన్నాడు. "టైముకి అందలేదు సార్" అన్నాను. "అయితే మన పోస్టు వాళ్ళని తిడదాం" అన్నాడు. నీకు సిఫారసు ఉత్తరం తనే రాస్తాడట, కానీ నెలనెలా నీ మార్కులు తనకి చూపించాలట. నీ ఉత్తరాలు ఇప్పుడు మా ఇద్దరికీ అనుకో. జాగ్రత్తగా రాయి.

మీ నాన్న


కాన్సస్
జనవరి 6, 2008

ప్రియమైన నాన్నకి (లెఫ్టినెంట్ గారికి కూడా),

అక్టోబరులో నా మొహం చూసుంటే భయపడేవాడివి. మూడు గంటల నిద్ర. కెమిస్ట్రీ పరీక్షలో కాగితం మీదే తల వాల్చి పడుకున్నానట, చొంగ కారి సమాధానాలు అలికిపోయాయి! నవ్వకు. తరగతిలో పంతొమ్మిదో స్థానానికి పడిపోయాను. అమ్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఏకాగ్రత తక్కువని పొద్దునపూట ఒక మాత్ర రాశాడు. మా బ్యాచ్‌లో సగం మంది వేసుకునేదే. మహత్యం నాన్నా! ఇప్పుడు ఆరోదాన్ని. వ్యాసం మూడు వేల మాటలైంది.

పరుగు మానేశాను. అది మాత్రం బాధగా ఉంది.

నాణేలమ్మే ముసలాయన దగ్గర 1922 నాటి వెండి డాలర్ కొని, సాక్సులో చుట్టి సొరుగులో పెట్టాను. ఎందుకో నీకు తెలుసు.

నీ మార్లీస్


బాగ్దాద్‌కి దక్షిణాన
ఫిబ్రవరి 3, 2008

మార్లీ,

మా ఫోన్లు ఈసారి ఎందుకు కట్టేశారో నీకీపాటికి తెలిసే ఉంటుంది. గురువారం పొద్దున, కాలువ రోడ్డు మీద బాంబు పేలింది. మూడో బండి లెఫ్టినెంట్‌ది, నాది నాలుగోది. బయటికి తీసింది నేనే. నాకంటే పదిహేడేళ్ళు చిన్నవాడు తల్లీ. 'సార్, సార్' అంటూనే ఉన్నాను. పలకలేదు.

ముందురోజే నీ ఉత్తరం చదివాడు. ఎప్పుడూ నవ్వేవాడు, ఈసారి నవ్వలేదు. మడిచి నా చేతికిచ్చి, "సార్జెంట్, మీ అమ్మాయికి ఒక సంగతి చెప్పాలి, అర్జెంటు. రేపు గస్తీ నుంచి రాగానే నేనే రాస్తాను, గుర్తుచెయ్యండి" అన్నాడు. ఏం సంగతో అడగలేదు. రేపు రాస్తాడుగా అనుకున్నాను. అప్పుడే అడిగి ఉండాల్సింది. సిఫారసు సంగతే అయి ఉంటుంది.

నువ్వు చదువుకో. ఇంకేం రాయలేను.

నాన్న


కాన్సస్
ఏప్రిల్ 2, 2008

ప్రియమైన నాన్నకి,

లెఫ్టినెంట్ గారు చెప్పాలనుకున్నదేమిటో నాకు తెలిసిపోయింది.

అకాడమీ వాళ్ళ వైద్య పరీక్ష కాగితాలొచ్చాయి. ఏకాగ్రత కోసం ఎప్పుడైనా మందు వాడావా అని ఒక ప్రశ్న. అవునంటే దాదాపు అయిపోయినట్టే. కనీసం ఏడాదిపాటు మాత్ర లేకుండా ఇవే మార్కులు చూపించాలట. ఆయనకిదంతా తెలుసు, అందుకే నవ్వలేదు. డాక్టరుకి తెలియదు, అమ్మకి తెలియదు, మిసెస్ ప్రూయిట్‌కీ తెలియదు.

"లేదని రాసెయ్యి, వాళ్ళెవరు మన డాక్టరు దగ్గరికొచ్చి చూడ్డానికి?" అంటోంది అమ్మ. ఆమె ఇలా మాట్లాడటం ఎప్పుడూ వినలేదు నేను. కింద సంతకం నాది, మైనరుని గనక అమ్మది కూడా. ఏప్రిల్ ఇరవై అయిదు గడువు. ఏం రాయమంటావు? ఫోన్‌లో చెప్పకు, నీ వెనక పన్నెండుమంది నిలబడి వింటుంటారు.

నీ మార్లీస్


బాగ్దాద్‌కి దక్షిణాన
ఏప్రిల్ 11, 2008

తల్లీ,

లేదని రాయి.

నీకు జీవితంలో ఒక్క అబద్ధం కూడా నేర్పలేదు. అకాడమీలో అబద్ధమాడితే బయటికి పంపేస్తారనీ తెలుసు, కోలియర్ ఆ మాట రోజుకోసారి చెప్పేవాడు. అయినా రాయి. ఈ పధ్నాలుగు నెలల్లో ఇక్కడ నేను చూసినదంతా చూశాక, నాకంటూ ఒక్క మంచి సంగతి మిగలాలి. నీకు సెల్యూట్ కొట్టాలి. దేవుడికి సమాధానం నేను చెప్పుకుంటాను.

ఈ ఉత్తరం చదివి కాల్చెయ్యి.

నాన్న


కాన్సస్
మే 9, 2008

ప్రియమైన నాన్నకి,

అవునని రాశాను. మాత్ర పేరు, మోతాదు, మొదలుపెట్టిన తారీఖు, అన్నీ. నిన్న జవాబొచ్చింది. అనర్హురాలినట. ఏడాది ఆగి మళ్ళీ రావచ్చంటోంది మిసెస్ ప్రూయిట్. మాత్ర మానేసి మూడు వారాలైంది నాన్నా, రెండు పరీక్షలు పోయాయి. నాకు ఆ మార్కులు మళ్ళీ రావు. నా బుర్ర ఎంతదో నాకు తెలుసు.

నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చిందని రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోయాను. ఇరవయ్యో తారీఖునే వచ్చింది. గడువుకి అయిదు రోజుల ముందు. చదివాను, కాల్చలేదు, అయినా అవుననే రాశాను.

ఇంకో సంగతి. నిరుడు మార్చిలో నీ ఉత్తరం మూడు రోజులు ఆలస్యమైందన్నాను కదా, అది అబద్ధం. ఆరో తారీఖునే అందింది. ఏపీ తీసుకోమని ఆయన అన్నది పది రోజులపాటు రోజూ చదివాను. నేను ఐబీకి చాలనని చెబుతున్నాడనిపించింది, ఒళ్ళు మండింది. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు చెబితే నేను వినాలా అనుకున్నాను. ఐబీ అని రాసి, నీతో పోస్టు మీదికి నెట్టేశాను. మీరిద్దరూ పాపం పోస్టు వాళ్ళని తిట్టారు. ఆయన మాట విని ఉంటే నేను పరుగెత్తుతూ ఉండేదాన్ని, ఆ మాత్ర అవసరమే రాకపోయేది. ఆయనకి క్షమాపణ చెప్పడానికి కూడా లేదు. ఒకసారి అబద్ధం రాసి ఇంత చేశాను. రెండోసారి రాయడానికి చెయ్యి రాలేదు. నీకోసం కూడా రాలేదు, నన్ను క్షమించు.

డాలర్ సొరుగులోనే ఉంది. అది నీ చేతిలో పెట్టే రోజు నాకు లేదు.

మీ దళం ఇరవై ఎనిమిదిన దిగుతుందని కబురొచ్చింది. జిమ్‌లో బ్యాండూ జెండాలూ ఉంటాయట. అమ్మ ఆ కిటికీ వదిలి అక్కడికి రానంటోంది, ఇంట్లోనే ఉంటుందట. నేనూ ఉంటాను. నన్నేమైనా అనాలనిపిస్తే వచ్చి అను, కొట్టాలనిపిస్తే కొట్టు. కానీ వచ్చినప్పుడు తలుపు మాత్రం తట్టకు నాన్నా. అమ్మ తట్టుకోలేదు. గేటు దగ్గర్నుంచే నీ పేరు చెప్పి గట్టిగా కేకెయ్యి, వచ్చి తీస్తాను.

నీ మార్లీస్