సోమవారం సాక్ష్యం

మొగల్తూరు,
12-2-2004

చిరంజీవి వెంకటదుర్గకు,

అమ్మ దీవించి రాయునది. ఇక్కడ మేమంతా కులాసా అని రాయడం ఆనవాయితీ కనుక రాస్తున్నాను. నువ్వు కులాసాగానే ఉన్నావని నీ ఉత్తరంలోని ఆజ్ఞలు చూస్తే తెలిసింది.

మీ నాన్న మోకాలు గురించి అడిగావు. వాపు తగ్గింది. మళ్లీ పడవ ఎక్కుతున్నారు. నన్ను చేపలు మానేసి కూరగాయలు అమ్ముకోమన్నావు. కూరగాయల వరసలో నన్ను కూర్చోనిచ్చేదెవరు? జడలో చేపల వాసనని బడిలో ఎవరూ పక్కన కూర్చోలేదని ఏడ్చుకుంటూ వచ్చిన పిల్లవి, నీకు తెలియనిదా?

నీ తిండి మీద నాకు కోపం లేదు. పోయిన వేసవిలో వచ్చినప్పుడు వేరే గిన్నె, వేరే గరిటె పెట్టి నీకు పప్పు వండాను. పాలు కూడా ముట్టనంటే టీ డికాషన్ ఇచ్చాను. ఎందుకని అడగలేదు.

ఇక ఆ రోజు సంగతి. మైకు కట్టిన ఆటోలో మీ శాకాహార ప్రచారం వాళ్లు చేపల బజారుకి వచ్చారు. మీ ఉమాశ్రీ మేడం మమ్మల్ని చూపిస్తూ, "ప్రాణాలు తీసి అమ్ముకునే ఈ చేతుల్లో దయ ఉంటుందా?" అని మైకులో అడిగింది. నా పక్క గంప రామలక్ష్మి ఊరుకోలేదు. "మా చేతులు మీకేం చేసినాయండీ? పొద్దున్నే మా బేరాలు చెడగొట్టడం ఏంటండీ?" అని గట్టిగా కేకలేసింది.

నువ్వు కరపత్రాలు పంచుతూ ఒక్కో గంప దగ్గరికీ వచ్చావు. నా దగ్గరికీ వచ్చావు. తలెత్తి చూశాను. నీ వెనకాలే మేడం ఉంది.

"తీసుకోండమ్మగారూ. చదువు రాకపోతే ఎవరిచేతనైనా చదివించుకోండి," అన్నావు.

నీచేత పలక మీద అక్షరాలు దిద్దించింది నేను, దుర్గా.

ఆ తర్వాత చేపలు కడిగిన నీళ్లు మేడం మీద పడ్డాయి. తోపులాటలో ఎవరు పోశారో ఎవరూ చూడలేదు. అప్పటిదాకా గొడవ పడింది రామలక్ష్మి కాబట్టి అందరూ ఆమెనే అన్నారు. "నేను కాదండీ, నా బకెట్ నిండుగా అలాగే ఉందండీ," అని ఎంత మొత్తుకున్నా వినలేదు. మీవాళ్లు పంచాయతీలో కంప్లైంట్ ఇచ్చారు. విచారణ అయ్యేదాకా బజారులో కూర్చోవద్దని ఆమెను పంపేశారు.

ఇప్పుడు నువ్వేమో సోమవారం నన్ను విచారణకి వచ్చి, రామలక్ష్మి పోస్తుంటే కళ్లారా చూశానని చెప్పమంటున్నావు. పక్క గంప నాదే కాబట్టి నా మాట నమ్ముతారట.

నీళ్లు పోసింది నేను. మేడం మీద కాదు, నీ మీద. నువ్వు పక్కకి జరిగావు.

భయపడి ఇన్నాళ్లూ నోరు మెదపలేదు. రామలక్ష్మి రోజూ సాయంత్రం మన అరుగు మీద కూర్చుని, "పాపాయమ్మక్కా, నువ్వైనా నన్ను నమ్ముతున్నావా?" అని అడుగుతుంటే తలూపుతున్నాను. నీళ్లు పోసినందుకు నాకు సిగ్గు లేదు. అలా తలూపినందుకు మాత్రం అన్నం సయించడం లేదు.

సోమవారం వస్తాను. నువ్వు చెప్పమన్నది కాదు, జరిగింది చెబుతాను. ఎందుకు పోశావని పంచాయతీ సెక్రటరీ గారు అడుగుతారు. ఆ పిల్ల నా కూతురని చెప్పకుండా ఆ ప్రశ్నకి జవాబు లేదు. మీ నాన్నకి కొబ్బరి తోట ఉందని మేడంతో చెప్పుకున్నావట. మీవాళ్లలోనే ఒకమ్మాయి ఆ రోజు మాటల్లో అంది. అది అబద్ధమని మేడంకి అందరి ముందూ నా నోటి నుంచి తెలియాలో, ముందే నీ నోటి నుంచి తెలియాలో నువ్వే తేల్చుకో. ఈ ఉత్తరం శనివారం నీకు అందుతుంది. ఆదివారం ఒక్క రోజు ఉంది.

మేడంకి క్షమాపణ చెప్పుకుంటాను. రామలక్ష్మి కాళ్లు పట్టుకుంటాను. నీకు మాత్రం చెప్పను.

ఇట్లు,
నీ తల్లి,
పాపాయమ్మ