సమానం చేసిన ఫోన్

చెల్లే, నీ ఫోన్‌లో ఒక్క నంబరూ లేదు. రేపటి రాస్తారోకోకు టేకుమట్ల వాళ్లందరినీ పిలవాల్సింది నువ్వే, అయినా భయపడకు. ఫోన్‌ను కంప్యూటర్‌తో కలిపే పాత సాఫ్ట్‌వేర్, కంప్యూటర్‌లో నంబర్లు లేవని చూసి ఫోన్‌నూ ఖాళీ చేసింది, అందుకే దాన్ని తీసేశాను. ఫోన్ కంపెనీది కాకపోయినా, మంచిది చూసి వేరొకటి ఎక్కించాను. ఏం చెరపబోతుందో ఇది ముందే చూపిస్తుంది. బీరువాలో, ఆదివారం నేను నీ నంబర్లు ఎక్కించి దాచిన సీడీ ఉంది. నంబర్లన్నీ అందులోంచి ఫోన్‌లోకి పంపు. పది నిమిషాల పని. ఫోన్‌కు తాళం పెట్టుకొమ్మంటే నవ్వావు కదా!

మానుకోట బస్సుకు వెళ్తున్నాను.

అక్క

తా.క. బాపును ఏమీ అనకు, చాయ్ కూడా ముట్టలేదు. తానే ఒప్పుకున్నాడు: "పాటలు ఇందామని ఫోన్‌ను కంప్యూటర్‌కు పెట్టిన బిడ్డా. రెండిట్ని సమానం చెయ్యాల్నా అని అడిగింది. సమానమంటే నేనెట్ల వద్దంట? చెయ్యిమని నొక్కిన."