గాజుముక్క తీయను

శంషాబాద్,
ఫిబ్రవరి 2012

డైరెక్టర్ గారికి,

సైన్స్ కేంద్రంగా మారుస్తున్న పాత బాటసారుల సరాయి గోడలో పగులు కనిపిస్తోందని, ప్రారంభోత్సవానికి ముందే సున్నం పెట్టి మూసేయమని మీరు రాసిన ఉత్తరం అందింది. మూయను.

గోడను బలపరిచాక ఆ పగులుకు అడ్డంగా సన్నని గాజుముక్క అతికించాం. గోడ ఏమాత్రం కదిలినా అది విరుగుతుంది. గోడ పక్కనే టీకొట్టు నడిపే నసీమా మొదట నాతో తగాదాకే వచ్చింది. "విమానం పోతే చాలు, నా గిన్నెలన్నీ అదురుతయి. ఈ గోడ నా కొట్టు మీద పడితే ఎవరు జిమ్మేదారు?" అని నిలదీసింది. గాజుముక్క చూపించి, భయం లేదన్నాను. నా మాట నమ్మలేదు. అప్పటినుంచి విమానం పోయినప్పుడల్లా తనే వచ్చి చూసుకుంటోంది. నిన్న టీ తాగేవాళ్లను వెంటబెట్టుకొచ్చి, "చూడుర్రి, ఇన్ని విమానాలు పోయినా అద్దం పగల్లే. గోడ కదుల్తలేదు" అని తనే చెప్పింది.

అతిథులు చూస్తే పరువు పోతుందని రాశారు. వాళ్లు చూడాలనే అక్కడ లైటు కూడా పెట్టిస్తున్నాను. నన్ను మార్చాలనుకుంటే మార్చండి. కొత్తగా వచ్చేవాళ్లు ముందు నసీమాకు జవాబు చెప్పుకోవాలి.

సార్, ఈ సైన్స్ కేంద్రం ఆమె చేతుల మీదుగా ఎప్పుడో ప్రారంభమైంది. సోమవారం మీరొచ్చి రిబ్బన్ కత్తిరించండి.

మీరు నియమించిన డిజైనర్