సున్నా చూపించిన ఇండెక్స్

బిష్కెక్,
ఏప్రిల్ 11

ఎర్మెక్‌కి,

"ప్రియమైన" అని రాసే అలవాటు ఈ చెయ్యికి ఇంకా పోలేదు. రాసి కొట్టేశాను. నీ నంబరు నా ఫోనులో మోగకుండా చేశాను కాబట్టి, ఈ కాగితాన్ని నరీన్ వెళ్ళే వ్యాను డ్రైవరు చేతికిస్తున్నాను. నీ క్షేమం అడగను. ఒక శుభవార్త ఉంది, అది నాకు మాత్రమే శుభం.

నువ్వు నన్నూ ఆఫీసునూ వదిలి వెళ్ళాక నీ కుర్చీ నాకే ఇచ్చారు. పశువుల రిజిస్టరు డేటాబేస్‌లో ఇండెక్సులన్నిటికీ ఈ వారం ఆరోగ్య పరీక్ష చేశాను. ఏది ఎంత చోటు తింటోంది, దాన్ని ఎన్నిసార్లు వాడారు, రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. అన్నిటికంటే లావుగా ఉన్నది ఏదో తెలుసా? చెవి బిళ్ళ నంబరుతో పశువును చిటికెలో వెతకడానికి నువ్వు కట్టిన సూచిక. ముప్ఫై ఎనిమిది జీబీ! పశువుల వివరాలన్నీ ఉన్న అసలు టేబులే ఇరవై ఆరు. వాడిన లెక్క మాత్రం సున్నా. కొత్త పశువును ఎక్కించిన ప్రతిసారీ దాన్నీ దిద్దాలి, అందుకే ఆఫీసంతా నత్తనడక. తిని కూర్చోవడం, పక్కవాళ్ళ పని చెడగొట్టడం, అచ్చం నీ పోలికే.

నాలుగేళ్ళ కిందట మే నెలలో కడుపులో బిడ్డను పోగొట్టుకుని నేను ఆసుపత్రిలో పడి ఉంటే, నువ్వు పని ఉందంటూ మూడు వారాలు కనుమ దగ్గర మా నాన్న డేరాలో కూర్చున్నావు. అక్కడ నువ్వు వెలగబెట్టిన పని ఇదే. నిన్న దాన్ని పీకేశాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

కుందుజ్

*

నరీన్,
ఏప్రిల్ 19

కుందుజ్,

తిట్టు, నాకు అలవాటే. కానీ ఆ సున్నా ఏ రోజు నుంచి లెక్కో చూశావా? అక్టోబరులో సర్వర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చింది నువ్వే. ఆ రోజే పాత లెక్కలన్నీ తుడిచిపెట్టుకుపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలయ్యాయి. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఏ గొర్రె కొండెక్కుతుంది? పట్నంలో పుట్టిన నేను గొర్రెల కాపరి కూతురికి చెప్పాల్సి వస్తోంది. మందలు పైకి వెళ్ళేటప్పుడు టీకా పడిందా లేదా అని కనుమ దగ్గర ఒక్కో బిళ్ళా చూస్తారు. ఆ రోజుల కోసమే దాన్ని కట్టాను. ఉబ్బిపోయిందన్నది నిజమే. ఉబ్బితే మళ్ళీ కొత్తగా కట్టుకోవాలి గానీ పీకెయ్యరు. మే రాకముందే తిరిగి పెట్టెయ్.

ఆసుపత్రి మాట ఎత్తావు. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి "నీ మొహం చూపించకు" అని గెంటింది ఎవరో కూడా రాయాల్సింది.

ఎర్మెక్

*

బిష్కెక్,
మే 23

ఎర్మెక్‌కి,

నీ ఉత్తరం చదివి నవ్వాను. తను కట్టినది పోయిందని ఒళ్ళు మండి రాశాడులే అనుకున్నాను. ఆ తేదీ చూడటానికి ఒక్క నిమిషం చాలు. నువ్వు చెప్పావు కాబట్టే చూడలేదు.

పదహారో తారీఖున కనుమ నుంచి ఫోను వచ్చింది. బిళ్ళ నంబరు కొడితే రెప్పపాటులో రావాల్సిన జవాబు పది నిమిషాలకు గానీ రావడం లేదు. ఒక్క గొర్రె కోసం సర్వర్ టేబులంతా మొదటి నుంచి చివరిదాకా చదువుతోంది. ఎనిమిది మందలు రోడ్డు మీద నిలిచిపోయాయి. పైన మంచు కలిసిన వాన. అందరికంటే ముందున్నది మా నాన్న మంద. ఇండెక్సును మళ్ళీ కట్టడం మొదలుపెట్టి, అది పూర్తయ్యేలోగా కారెక్కి వెళ్ళాను. నేను చేరేసరికి పంతొమ్మిది గొర్రెపిల్లలు చచ్చిపోయాయి. నాన్న వాటిని రోడ్డు పక్కన వరసగా పడుకోబెట్టాడు.

"ఏమ్మా, పట్నంలో కుర్చీలో కూర్చుని మా గొర్రెల్ని కాస్తున్నావంటగా? బాగానే కాశావు!" అన్నాడు వెనక మంద కాపరి.

"దాన్నేమీ అనకండ్రా," అని నాన్న నా వైపు తిరిగాడు. "ఒసే, ఏ చవటే ఈ పని చేసింది?"

"ఎర్మెక్," అన్నాను.

నోరు జారిందని చెప్పను. కావాలనే అన్నాను. "మూడు వారాలు నా డేరాలో నా తిండి తిని, నా మందకే గొయ్యి తవ్వాడా, వెధవ!" అని నాన్న అందరి ముందూ నిన్ను దులిపేశాడు. నేను వింటూ నిలబడ్డాను.

ఆరు రోజులు అన్నం సహించలేదు. నిన్న కొండ మీదికి వెళ్ళి, అందరూ పాలు పితికే చోటే, తీసేసింది నేనేనని చెప్పాను. నాన్న చేతిలో బకెట్టు కింద పెట్టాడు.

"ఆ మే నెలలో రోజూ ఏడ్చేవాడే," అన్నాడు. "మందలో నిలబడి బిళ్ళలు చదువుతూ ఏడ్చేవాడు. ఎందుకురా అంటే చలిగాలి అనేవాడు. నువ్వు గెంటేశావని ఒక్కనాడూ నాతో అనలేదు."

తప్పు నాదేనని ఆఫీసుకు రాసిచ్చాను. ఇండెక్స్ మళ్ళీ కట్టాను, ఇప్పుడు తొమ్మిది జీబీయే. నాన్న నాతో మాట మానేశాడు. నిన్ను మాత్రం డేరాకు రమ్మన్నాడు, గుర్రప్పాల కుమిస్ తన చేత్తో పోసి ఇస్తాడట. వెళ్ళు, తాగు. నాన్న ముందు నీ మీద అబద్ధం ఆడినందుకు క్షమించమని అడుగుతున్నాను. ఆసుపత్రిలో గెంటినందుకు మాత్రం చచ్చినా అడగను. ఒళ్ళు తెలియని బాధలో ఉన్నదాన్ని, ఏదో అన్నాను. గెంటితే మాత్రం, వెళ్ళిపోతావా?

కుందుజ్