ఒక్కో స్వరం చాలు

మామయ్యా,

కొత్త పాటకి వయొలిన్ల శాంపిల్ లైబ్రరీ, అంటే ముందే రికార్డు చేసి అమ్మే వయొలిన్ శబ్దాలు, కొందామని కంప్యూటర్లో డెమోలన్నీ వింటున్నాను. ఏదీ మనసుకి పట్టడం లేదు. అందరూ ఇస్త్రీ చొక్కాల్లో కూర్చుని వాయించినట్టుంది. అమ్మ కూడా విని, "మీ మామయ్య తీగకి కమాను ఆనించగానే చిన్న గరగర వచ్చేది. అది లేదేంటే వీటిలో?" అంది.

చెయ్యి వణుకుతోంది, పాట పూర్తిగా వాయించలేనని మీరు వయొలిన్ పెట్టెలో పెట్టేశారు. కానీ ఈ లైబ్రరీల కోసం ఎవరూ పాట వాయించరు మామయ్యా. ఒక్కో స్వరం విడిగా వాయిస్తే రికార్డు చేసుకుంటారు. వాటిని పేర్చి పాట కట్టుకునేది మాలాంటివాళ్లం.

ఆదివారం వస్తాను. ఒక స్వరం వాయించి టీ తాగండి, ఓపికుంటే ఇంకోటి. చెయ్యి వణికితే వణకనివ్వండి, అదీ నాకు కావాలి. మైకు నేను తెస్తాను. పెట్టె మూత మాత్రం మీరే తీయాలి.

మీ మేనకోడలు